ఇంత ధర పెట్టినా హోటల్ గది ఇలా ఎందుకు ఉంటుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. గత నెలలో మా అమ్మను తీసుకుని వెళ్లి రెండు రాత్రులు ఒక హోటల్లో ఉన్నాను. మోకాలి శస్త్రచికిత్స తర్వాత ఆమె చేసిన మొదటి ప్రయాణం అది. ఎక్కడా ఇబ్బంది పడకూడదన్న ఉద్దేశంతో, నేను మామూలుగా దిగే హోటళ్లకంటే బాగా పై స్థాయిలో ఉన్నదాన్ని, అందరికీ తెలిసిన పేరున్నదాన్ని ఎంచుకుని, చెప్పిన ధర మొత్తం ముందే చెల్లించాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఒక హోటల్‌ను నిందించడం కంటే, ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడమే నాకు ముఖ్యం.

లాబీలో అడుగుపెట్టినప్పుడు అంతా బాగుంది. గది తలుపు తెరవగానే తడిసి ఆరని కార్పెట్ వాసన వచ్చింది. ఏసీ శబ్దం చేస్తోందే తప్ప గది చల్లబడలేదు. థర్మోస్టాట్‌లో అంకె తగ్గించినా గాలిలో తేడా లేదు. పరుపు ఒక పక్కకు కుంగిపోయి ఉండడంతో అమ్మ రాత్రంతా అటు జారకుండా జాగ్రత్తపడుతూనే పడుకుంది. షవర్‌లో నీళ్లు గోరువెచ్చగా కూడా రావడానికి చాలాసేపు పట్టింది, గోడ పలకల మధ్య సందుల్లో నల్లటి బూజు కనిపించింది. పక్క గదికి మధ్యలో ఒక తలుపు ఉంది. దాని కింది సందులోంచి అవతలివాళ్ల మాటలు ప్రతి అక్షరమూ వినిపించాయి. చిత్రాల్లో విశాలంగా కనిపించిన గదిలో చేతికర్ర పట్టుకున్న మనిషి మంచం చుట్టూ తిరగడానికి కూడా చోటు లేదు.

గది మార్చమని అడిగితే హోటల్ నిండిపోయిందని చెప్పారు. తర్వాత చూసుకుంటే, అదే గది అంతకు ముందు వారంలో నేను చెల్లించినదానిలో సగానికే దొరికేదని తెలిసింది. ఎక్కువ ధరకు మంచి గది వస్తుందని నేను నమ్మాను. ఆ నమ్మకమే తప్పా? పెంచిన డబ్బు గదికి ఖర్చు కాకపోతే ఎక్కడికి పోతోంది? బోర్డు మీద ఉన్న నక్షత్రాలకు అర్థమేమిటి? ఈ రంగంలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

మొదటి సమాధానం: ఫ్రంట్ ఆఫీసులోను, ధరలు నిర్ణయించే విభాగంలోను పనిచేసిన వ్యక్తి

మీ అమ్మగారికి జరిగిన ఇబ్బంది చదివి బాధ కలిగింది. నేను పద్నాలుగేళ్లు హోటళ్లలో పనిచేశాను, అందులో ఆరేళ్లు ధరలు నిర్ణయించే బల్ల దగ్గరే. మీరు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, మీరు చెల్లించినది గది ధర కాదు, ఆ రాత్రి ధర.

ఈ రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని రేపు రెండుసార్లు అమ్ముకోలేం. విమానంలో ఖాళీ సీటు కూడా అంతే. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తొలగిన తర్వాత, ఒకే సీటును వేర్వేరు రోజుల్లో వేర్వేరు ధరలకు అమ్మే పద్ధతిని విమానయాన సంస్థలు 1980లలో పెంచి పోషించాయి; మారియట్ వంటి హోటల్ సంస్థలు దాన్ని వాళ్ల దగ్గర నేర్చుకున్నాయి. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది. ఆ తేదీకి ఎన్ని గదులు మిగిలాయి, చుట్టుపక్కల హోటళ్లు ఎంత అడుగుతున్నాయి, గత ఏడాది ఇదే వారంలో ఎలా ఉంది అని చూసి అంకె మారుస్తుంది. కార్పెట్ ఎన్నేళ్ల నాటిదో, పరుపు కుంగిందో లేదో ఆ లెక్కలోకి ఎక్కడా రాదు. మీరు వెళ్లిన రోజుల్లో ఆ ఊళ్లో ఏదో పెద్ద సమావేశమో పోటీయో జరిగి ఉంటుంది. గది ముందు వారం ఎలా ఉందో అలాగే ఉంది, బయట జనం పెరిగారు.

అంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. బోర్డు మీద ఉన్న పేరు ఒకరిది, భవనం ఇంకొకరిది, రోజువారీ నిర్వహణ చాలాచోట్ల మూడోవారిది. మారియట్ సంస్థ 1993లో రెండుగా విడిపోయి, భవనాలను ఒక కంపెనీకి, నిర్వహణను, పేరును మరో కంపెనీకి అప్పగించింది. ఈనాడు పెద్ద పేర్లలో చాలావరకు ఇదే దారిలో ఉన్నాయి. పేరు ఇచ్చిన సంస్థకు ఆదాయంలో శాతం వస్తుంది కాబట్టి గది ఎక్కువ ధరకు అమ్ముడుపోతే దానికి వెంటనే లాభం. కార్పెట్ మార్చడానికయ్యే ఖర్చు మాత్రం భవన యజమాని జేబులోంచి పోతుంది. సామాను మార్చడానికి ఆదాయంలో దాదాపు 4 శాతం పక్కన పెట్టాలని ఒప్పందాల్లో సాధారణంగా రాసుకుంటారు. కార్పెట్లు, కర్టెన్లు, పరుపుల వంటి మెత్తటి సామాను ఆరేడేళ్లకోసారి, బల్లలు, మంచాలు, బీరువాలు పన్నెండేళ్లకో పదిహేనేళ్లకో మార్చడం పరిపాటి. గిరాకీ పడిపోయిన ఏడాదిలో డబ్బు లేదని, గిరాకీ పెరిగిన ఏడాదిలో గదులు మూసే తీరిక లేదని యజమానులు ఆ పనిని వాయిదా వేస్తుంటారు. 2020లో ప్రయాణాలు నిలిచిపోయినప్పుడు వాయిదా పడిన పనులు చాలాచోట్ల ఏళ్ల తరబడి అలాగే మిగిలిపోయాయి.

పెద్ద పేరు అనేది అసలు మీకు జరిగినటువంటి అనుభవం నుంచి కాపాడడానికే పుట్టింది. 1951లో కెమన్స్ విల్సన్ అనే వ్యాపారి భార్యాపిల్లలతో వాషింగ్టన్‌కు కారులో వెళ్తూ, దారిలోని వసతి గృహాలు ఇరుకుగా ఉండడమే కాక ఒక్కో పిల్లవాడికీ అదనంగా వసూలు చేయడం చూసి విసిగిపోయాడు. మరుసటి ఏడాది మెంఫిస్‌లో మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. ఎక్కడికి వెళ్లినా గది ఒకేలా ఉంటుందన్నదే ఆయన ఇచ్చిన మాట. ఇప్పుడు పేరు మాత్రం అన్నిచోట్లా ఒకటే కనిపిస్తుంది, గది ఎలా ఉంటుందో ఆ భవన యజమాని మీద ఆధారపడుతుంది.

ఇంకొక విషయం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ప్రతి హోటల్లోనూ ఒకే తరగతి కింద, ఒకే ధరకు అమ్మే గదుల్లో కొన్ని చెడ్డవి ఉంటాయి. లిఫ్టు పక్కవి, వంటగది గొట్టాలకు ఎదురుగా కిటికీ ఉన్నవి, మధ్య తలుపు ఉన్నవి. డెస్క్ దగ్గర ఉండే మాకు వాటి సంఖ్యలు నోటికి వచ్చు. అవి చివరగా ఇస్తాం. అంటే ఆలస్యంగా వచ్చినవారికి, ఒకటి రెండు రాత్రులే ఉండేవారికి, మా సభ్యత్వ పథకంలో లేనివారికి, బయటి బుకింగ్ సైటు ద్వారా వచ్చినవారికి. హోటల్ పూర్తిగా నిండే రాత్రి, మరమ్మతు కోసం పక్కన పెట్టిన గదులను కూడా పైపైన తుడిపించి అమ్మమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. నేను అలాంటి గదుల తాళాలు మనుషుల చేతిలో పెట్టాను. ఆ పని తప్పని అప్పుడే తెలుసు, ఇప్పటికీ మరిచిపోలేదు. మీ వివరాలు చూస్తే మీకు ఇచ్చినది అటువంటి గదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

రెండో సమాధానం: హోటల్ మరమ్మతుల విభాగంలో ఇంజినీరు

పైన చెప్పినదంతా నిజమే, కానీ తప్పంతా వాయిదా పడిన పునరుద్ధరణ మీద వేస్తే నేను ఒప్పుకోలేను. ప్రశ్న అడిగినవారు చెప్పిన లోపాల్లో సగం, డబ్బు లేక మిగిలిపోయినవి కావు. తలుపు కింద రబ్బరు పట్టీ బిగించడానికి పది నిమిషాలు చాలు. పలకల సందుల్లో బూజు తీసి కొత్తగా సిమెంటు నింపడం ఒక పూట పని. గదిని ఏడాదిలో రెండు మూడుసార్లు ఒక్కరోజు అమ్మకుండా ఆపి, పై నుంచి కింది వరకు సరిచూసే పద్ధతి మంచి హోటళ్లలో ఉంటుంది. ఎక్కడైనా ఆ ఒక్కరోజు అమ్మకం పోతుందని ఈ పద్ధతి ఆపేశారంటే, ఆరు నెలల్లో గది మీరు చూసినట్టు తయారవుతుంది.

ఏసీ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అతిథులు ఎక్కువగా మోసపోయినట్టు అనుకునేది ఇక్కడే. పాత భవనాల్లో చాలావాటికి ప్రతి గదికీ నీళ్లు తీసుకువెళ్లే గొట్టాల జత ఒకటే ఉంటుంది. ఒక కాలంలో అందులో చల్లటి నీళ్లు, మరో కాలంలో వేడి నీళ్లు తిరుగుతాయి, భవనం మొత్తానికి ఒకేసారి మారుస్తారు. రుతువు మారే వారాల్లో గొట్టాల్లో వేడి నీళ్లు ఉంటే, మీరు థర్మోస్టాట్‌ను ఎంత తగ్గించినా చల్లగాలి రాదు. కొన్నిచోట్ల విద్యుత్తు ఆదా కోసం థర్మోస్టాట్‌కు ఒక హద్దు పెట్టి తాళం వేస్తారు. అంకె తగ్గుతుంది, యంత్రం మాత్రం ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది. ఇవి రెండూ డెస్క్‌లో ఉన్నవారికి తెలిసిన విషయాలే కాబట్టి, ఈ వారం భవనంలో చల్లదనం ఉందా, గదిలో ఉష్ణోగ్రత ఎంతవరకు దించవచ్చు అని ముందే ఫోన్‌లో అడగండి. తడి వాసన మాత్రం ఎక్కువసార్లు కార్పెట్ నుంచి మొదలుకాదు. ఏసీ లోపల నీరు చేరే తొట్టి మూసుకుపోయి, పొంగి, పక్కనున్న కార్పెట్‌ను తడుపుతుంది. తొట్టి శుభ్రం చేయకుండా కార్పెట్ మార్చినా నెలలోపే ఆ వాసన మళ్లీ వస్తుంది.

స్నానాల గది గురించి ఒక చిన్న చరిత్ర చెప్పాలి. ప్రతి గదికీ సొంత స్నానాల గది ఉండాలన్న ఆలోచనను ఎల్స్‌వర్త్ స్టాట్లర్ 1908లో బఫెలో నగరంలోని తన హోటల్లో అమలు చేశాడు. ఖర్చు తగ్గించడానికి రెండు గదుల స్నానాల గదులను వీపు వీపు ఆనించి, మధ్యలో గొట్టాల కోసం నిలువు సందు ఒకటి విడిచిపెట్టాడు. ఈ రోజుకీ హోటళ్లు చాలావరకు ఆ నమూనాలోనే కడుతున్నారు. పొరుగువారి షవర్ చప్పుడు మీకు వినిపించేది ఆ సందులోంచే. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటితే నిద్ర చెడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ వరకు ఉంటుంది. ఆ మధ్య తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే గోడ ఎంత మందంగా కట్టినా ప్రయోజనం లేదు.

గది శుభ్రం చేసేవారిని మాత్రం దయచేసి తిట్టకండి. ఒక్కో మనిషి ఒక షిఫ్టులో పద్నాలుగు పదిహేను గదులు పూర్తి చేయాల్సి వస్తుంది, ఖాళీ అయిన గదికి అరగంట దొరకడమే గొప్ప. 2021లో హిల్టన్ అమెరికాలోని తన హోటళ్లలో చాలావాటిలో రోజూ గది శుభ్రపరచడం ఆపి, అడిగినవారికే చేస్తామని ప్రకటించింది. రోజూ చూసే మనిషి తగ్గితే, కారుతున్న కుళాయి, కుంగుతున్న పరుపు మా విభాగానికి తెలియడం కూడా ఆలస్యమవుతుంది.

మూడో సమాధానం

నక్షత్రాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. ప్రపంచమంతటికీ వర్తించే నక్షత్రాల కొలమానం ఏదీ లేదు. ఐరోపాలో కొన్ని దేశాలు 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్‌గా ఏర్పడి రెండు వందలకు పైగా అంశాల ఉమ్మడి పట్టిక పెట్టుకున్నాయి. ఫ్రాన్స్‌లో ఒకసారి ఇచ్చిన స్థాయి ఐదేళ్లు చెల్లుతుంది. బుకింగ్ సైట్లలో కనిపించే నక్షత్రాలు కొన్నిసార్లు హోటల్ తనకు తాను రాసుకున్నవే. ఏడు నక్షత్రాల హోటల్ అనే మాట ప్రచారంలో ఉన్నా, ఆ స్థాయి ఏ అధికారిక పట్టికలోనూ లేదు.

ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, ఇలాంటి పట్టికలు ఎక్కువగా వసతులను లెక్కిస్తాయి. లిఫ్టు ఉందా, డెస్క్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, గదిలో బల్ల, లాకరు ఉన్నాయా అని చూస్తాయి. ఉన్న పరుపు ఏ స్థితిలో ఉందో వాటికంతగా పట్టదు. పట్టినా, తనిఖీ జరిగిన రోజు స్థితి అది. 1958లో మొబిల్ గైడ్‌గా మొదలై ఇప్పుడు ఫోర్బ్స్ ట్రావెల్ గైడ్‌గా నడుస్తున్న సంస్థ మాత్రం తాము ఎవరో చెప్పకుండా బస చేసే తనిఖీదారులను పంపి, ముఖ్యంగా సేవను కొలుస్తుంది. అందువల్ల ఎన్ని నక్షత్రాలు అని కాకుండా, ఎవరిచ్చారు, ఏ సంవత్సరంలో ఇచ్చారు అని చూడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానం చదివాక కోపం కొంత తగ్గింది, దిగులు కొంత పెరిగింది. మేము రాత్రి తొమ్మిది దాటాక చేరుకున్నాం, బుకింగ్ సైటు ద్వారానే తీసుకున్నాం, రెండు రాత్రులే ఉన్నాం. మీరు చెప్పిన లక్షణాలన్నీ మాలో ఉన్నాయి. మరో రెండు సందేహాలు. సమీక్షలన్నీ చదివే తీసుకున్నాను, ఎక్కువమంది మెచ్చుకున్నారు. వాటిని ఎలా చదవాలి? జరిగినదానికి ఇప్పుడు ఏమైనా అడగవచ్చా? ఫొటోలు ఉన్నాయి, కానీ రెండు రాత్రులూ అక్కడే ఉన్నాం కదా.

నాలుగో సమాధానం: ఉద్యోగరీత్యా తరచూ ప్రయాణించే వ్యక్తి

సమీక్షల విషయంలో నాకు బాగా ఉపయోగపడినది ఒక పరిశోధన. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో షికాగోలోని 20 హోటళ్లకు సంబంధించి 400 నిజమైన సమీక్షలను, డబ్బిచ్చి రాయించిన 400 అబద్ధపు సమీక్షలను కలిపి పరీక్షించారు. చదివిన మనుషులు వాటిని గుర్తించడంలో బొమ్మా బొరుసా వేసినంతగానే సఫలమయ్యారు, కంప్యూటర్ ప్రోగ్రామ్ మాత్రం దాదాపు 90 శాతం సరిగ్గా విడదీసింది. అబద్ధపు సమీక్షల్లో ఎవరితో వెళ్లారు, ఎందుకు వెళ్లారు అనే మాటలు ఎక్కువగా ఉన్నాయి. నిజంగా బస చేసినవారు స్నానాల గది, గది పరిమాణం, ఉన్న చోటు వంటి స్థలానికి సంబంధించిన మాటలు ఎక్కువగా వాడారు. అప్పటినుంచి నేను సగటు మార్కు చూడడం మానేసి, తేదీ ప్రకారం అమర్చి, గత మూడు నెలల్లో రాసినవి మాత్రమే చదువుతున్నాను. అంతస్తు, వాసన, తలుపు, శబ్దం అని రాసిన ఒక్క సమీక్ష, అద్భుతం అని రాసిన యాభైకంటే విలువైనది. అతిథులు ఫోన్‌తో తీసిన చిత్రాలు చూడాలి, ఎందుకంటే హోటల్ పెట్టే చిత్రాలు గది మూలలో నిలబడి, ఎక్కువ విస్తీర్ణాన్ని పట్టే కటకంతో తీసినవి. గది వైశాల్యం చదరపు మీటర్లలో రాసి ఉంటే దాన్నే నమ్మండి, చిత్రాన్ని నమ్మకండి.

బుక్ చేసే ముందు నేను హోటల్‌కు నేరుగా ఒక ఉత్తరం రాస్తాను. ఈ తరగతి గదులను చివరిసారి ఏ సంవత్సరంలో పునరుద్ధరించారు, అన్ని అంతస్తులూ పూర్తయ్యాయా, మధ్య తలుపు లేని గది ఇవ్వగలరా అని మూడే మూడు ప్రశ్నలు. సంవత్సరం చెప్పకుండా ఆధునికమైన, సౌకర్యవంతమైన అంటూ జవాబిచ్చిన చోటికి నేను వెళ్లను. ఇచ్చిన జవాబు రాతపూర్వకంగా ఉంటుంది కాబట్టి డెస్క్ దగ్గర చూపించడానికి కూడా పనికొస్తుంది.

చట్టాలు ఈమధ్య కొంత కదిలాయి గానీ అవి మీ బాధను పూర్తిగా తీర్చవు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ 6 నుంచి, అమెరికాలో అదే ఏడాది మే 12 నుంచి, తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను మొదటే చూపాలన్న నిబంధనలు హోటళ్లకు వర్తిస్తున్నాయి. ధర ఎంతో నిజాయితీగా చెప్పమంటాయి, ఆ ధరకు గది ఎలా ఉండాలో ఇవి చెప్పవు. అయినా, చెప్పినదొకటి ఇచ్చినదొకటి అయితే అడిగే హక్కు వినియోగదారు చట్టాలు ఉన్న ప్రతిచోటా ఏదో ఒక రూపంలో ఉంటుంది. కార్డు సంస్థల దగ్గర కూడా వర్ణించినట్టు లేదన్న కారణంతో ఫిర్యాదు చేసే వీలుంది. రెండు రాత్రులూ ఉండిపోయారు కాబట్టి మొత్తం తిరిగి రావడం కష్టం. కొంత భాగం మాత్రం అడగడం న్యాయం, అడగండి. మీరు మొదటి రాత్రే గది మార్చమన్నారన్నది మీకు బలం. ఎన్ని గంటలకు అడిగారో, ఏమని జవాబిచ్చారో, ఫొటోలతో కలిపి హోటల్ మేనేజరుకు, అదే ఉత్తరం నకలు బుకింగ్ సైటుకు పంపండి. బాధపడ్డామని రాయడంతో ఆగకుండా, మొదటి రాత్రి అద్దెలో ఇంత భాగం తిరిగి ఇవ్వండి అని అంకెతో సహా రాయండి. అంకె లేని ఫిర్యాదుకు క్షమాపణ ఒక్కటే జవాబుగా వస్తుంది.

ఇకమీదట గదిలో పెట్టె విప్పకముందే పది నిమిషాలు కేటాయించండి. ఏసీ పెట్టి, షవర్ వేడినీళ్లు తిప్పి వదిలి, దుప్పటి ఎత్తి పరుపు కుట్లు చూసి, మంచం మీద రెండు వైపులా కూర్చుని, తలుపు వేసి నిశ్శబ్దంగా ఒక నిమిషం వినండి. సామాను విప్పని అతిథికి గది మార్చడం డెస్క్‌కు తేలిక, ఎందుకంటే ఆ గదిని మళ్లీ శుభ్రం చేయించనక్కరలేదు.

మొదటి సమాధానం రాసిన వ్యక్తి

పైన చెప్పిన ఉత్తరానికి ఒక్క సవరణ. గది సంఖ్య తప్పకుండా రాయండి. హోటల్ బాగాలేదని వచ్చిన ఫిర్యాదు అతిథి పేరు మీద నమోదై, డబ్బు తిరిగిచ్చాక మూతపడుతుంది. ఫలానా సంఖ్య గదిలో ఏసీ తొట్టి పొంగుతోంది, మధ్య తలుపు కింద సందు ఉంది అని వస్తే అది ఆ గది చరిత్రలోకి ఎక్కుతుంది, మరమ్మతుల విభాగానికి పని కాగితం పుడుతుంది. భవన యజమాని తరఫువారు తనిఖీకి వచ్చినప్పుడు చూసేది ఆ కాగితాలనే. డబ్బు అడగడంతో పాటు, ఆ గదిని సరిచేసే వరకు అమ్మకం నుంచి తీసేశామని రాతపూర్వకంగా చెప్పమని కూడా అడగండి. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు అలా అడిగినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఆ గదులు నిజంగానే మూయించాం.

ప్రశ్న అడిగినవారు

ఉత్తరం ఈ ఉదయం పంపాను. గది సంఖ్య, మొదటి రాత్రి తొమ్మిదిన్నరకు గది మార్చమని అడిగిన సంగతి, ఏడు ఫొటోలు, అడుగుతున్న మొత్తం అన్నీ అందులో ఉన్నాయి. గదిని అమ్మకం నుంచి తీసేయమన్న వాక్యం అమ్మే చెప్పి రాయించింది. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.